జీడి అంటే కాజు

నిన్న పొద్దున పక్కింటి కోడలు గోడ మీదుగా ఒక ప్రశ్న వేసింది. వాళ్ల మేడ మీదికి ఉడుతలు వస్తున్నాయట, అడవి చెట్ల గింజల్లో వాటికి ఏవి పెట్టొచ్చు, ఏవి పెట్టకూడదు అని. ఉడుతను పెంచినవాళ్లు కదా, మీకు తెలిసే ఉంటుంది అంది. నేను లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని. ఉడుతల తిండి గురించి నాకు తెలిసిందంతా మా అత్తమ్మ దగ్గర నేర్చుకున్నదే. అదీ ఆమె నన్ను రెండు రోజులు అనుమానించాక.

తెలంగాణ వచ్చిన మరుసటి ఎండాకాలం అది. అప్పుడు కల్వకుర్తిలో ఉండేవాళ్లం. కరెంటు తీగలకు తగులుతోందని వాకిట్లో వేపకొమ్మ కొట్టించినప్పుడు గూడుతో పాటు ఒక ఉడుత పిల్ల కింద పడింది. అత్తమ్మ దాన్ని కొంగులో వేసుకుని లోపలికి తెచ్చింది. నీళ్లు కలిపిన మేకపాలలో దూది ముంచి చప్పరించనిచ్చింది. నెల తిరిగేసరికి దానికి పళ్లు వచ్చాయి. ఫోను చార్జరు తీగ కొరికింది, నా పట్టుచీర అంచు కొరికింది, ఆఖరికి నేను దిద్దుతున్న జవాబు పత్రాల్లో మంచి మార్కులు వచ్చినవాటినే ఏరి కొరికింది. దీన్ని ఎట్లాగైనా వదిలించుకోవాలని నేను రోజూ గొణిగేదాన్ని. అయినా దాని మీద నాకూ ఇష్టం పుట్టింది, కాకపోతే ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

దానికి ఏ గింజలు పెట్టాలో ఫోనులో వెతికి, కూరగాయలు తరుగుతున్న అత్తమ్మతో, "ఉడుతకు జీడి గింజలు పెట్టొచ్చట అత్తమ్మా" అన్నాను. నా పుట్టిల్లు కేతేపల్లి. అక్కడైనా కల్వకుర్తిలోనైనా మేం కాజు అనే అంటాం. చదివింది చదివినట్టు అప్పజెప్పడం టీచర్ల జబ్బు. అత్తమ్మ కత్తిపీట మీంచి లేచి, ఉడుత బుట్ట తీసుకుని తన గదిలోకి వెళ్లింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు మా ఆయన తెచ్చిన పొట్లం పట్టుకుని వెళితే లోపల గడియ వేసి ఉంది.

"జీడి తెప్పించిన అత్తమ్మా, జర తలుపు తియ్యుండ్రి."

"తియ్య. ముందుగాల నువ్వు తిను, నేను చూస్త."

ఏమీ అర్థం కాలేదు. కిటికీ దగ్గర నిలబడి, పరీక్షకు వచ్చిన పిల్లలా ఒకటి నోట్లో వేసుకుని నమిలాను. ఆమె ఊచల దాకా వచ్చి నా చేతిలోకి తొంగి చూసింది. "గిది కాజు గదనే," అంది.

గడియ తీసి, కుడిచేయి నా ముందు చాపింది. వేళ్ల సందుల్లో పాత మచ్చలు. నూనె చిట్లి కాలినవని ఇన్నేళ్లూ అనుకున్నాను. మా రెండిళ్ల పెద్దలూ ఊరి బట్టలు ఉతికినవాళ్లే. ఏ ఇంటి బట్టకు ఆ ఇంటి గుర్తు నల్లజీడి రసంతో పెట్టేవాళ్లు. అత్తమ్మకు జీడి అంటే ఆ గింజే, కాజు కాదు. మా బాపు నౌకరీకి పోవడంతో నేనా గింజనే చూడలేదు. అత్తమ్మ చిన్నప్పుడు దాన్ని పగలగొట్టబోతే రసం పడి చేయంతా పొక్కిపోయిందట.

"గసొంటిది దాని నోట్ల పెడతవేమోనని భయమైంది. నువ్వు దాన్ని సంపనీకె చూస్తున్నవనుకున్న బిడ్డా."

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. ఆ నొప్పి దాచుకోవడానికి వెంటనే ప్రశ్నలు మొదలుపెట్టాను. ముష్టి గింజ? "పానం తీస్తది." కానుగ? "దీపంల నూనెకే, తిననీకె కాదు." అడవి ఆముదం? "పల్లికాయ రుచి ఉంటదని పోరగాండ్లే తిని దవాఖాన పాలైతరు. ఉడుత ఎంత?" మరి ఏం పెట్టాలి? "మొర్రి పండ్ల గింజ పగలగొట్టి లోపలి సారపప్పు పెట్టు. బాదంచెట్టు కాయల పప్పు పెట్టు. ఉప్పు తగలనియ్యకు." బట్టలు ఆరేసి గుట్ట కింద కూచున్నప్పుడు, ఏ చెట్టు కింద ఉడుత కొరికిన పెంకులు ఉన్నాయో చూసేదట. ఆ మధ్యాహ్నం అడుగుతూనే ఉన్నాను. అంతసేపు మేం మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

వానలు పడ్డాక ఉడుత వేపచెట్టెక్కి తిరిగి రాలేదు. మూడేళ్లకు అత్తమ్మ పోయింది. జీడి అన్న ఒక్క మాట సరిచేసుకోవడానికి మా ఇద్దరికీ రెండు రోజులు పట్టింది. ఒకే ఇంట్లో ఉన్న పన్నెండేళ్లలో అట్లా అటూ ఇటూ అయిన మాటలు ఇంకా చాలా ఉండేవి. వాటికి బోలెడు కాలం ఉందనుకున్నాను.