మూడుసార్లు పళ్ళూడిన గేరు

నునోకావా తన బొమ్మ తుపాకిని మూడోసారి తెచ్చి కౌంటర్ మీద పెట్టేసరికి నేను కూరన్నం వడ్డిస్తున్నాను. ఆదివారం మధ్యాహ్నం. పొద్దున్నుంచీ చెట్ల మధ్య ఒకళ్ళనొకళ్ళు ప్లాస్టిక్ గుళ్ళతో కొట్టుకుని అలసిపోయిన అరవై మంది వరసలో నిలబడ్డారు. మా యాచిమాతా ఊరి వేరుశనగ చేల మీంచి లేచిన దుమ్ము పళ్ళేల దాకా వచ్చేసింది.

"ఓనర్ గారూ, మీ మెకానిక్ పెద్దాయన చేతి చలవ. రెండాటలు ఆడానో లేదో, గయ్యిమని మూలిగి ఆగిపోయింది" అన్నాడు నునోకావా. అతనిది స్టేషన్ దగ్గర మాంసం కొట్టు. "నా కొట్టులో కీమా మెషీన్‌కి ఇరవై ఏళ్ళుగా ఒక్క పన్ను ఊడలేదు. ఈ బొమ్మ తుపాకికి మాత్రం నెలకో పళ్ళ సెట్టు కావాలంట."

"మెల్లగా మాట్లాడవయ్యా, ఆయన వింటాడు."

"వింటే ఇంకేం కావాలి. ఆ చెవులు వినబట్లేదనే కదా నా ఏడుపు."

వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆరడుగుల దూరంలో తన పనిబల్ల దగ్గర, మాకు వీపు పెట్టి కూర్చున్న కురామోచిగారు తిరిగి చూడలేదు. మెడ మాత్రం ఎర్రబడింది.

కురామోచి టెట్సుజి నలభై ఏళ్ళు రైలు పెట్టెల కింద దూరి బోల్టులు బిగించిన మనిషి. రిటైరయ్యాక ఇంట్లో కాళ్ళకి అడ్డం పడుతున్నాడని భార్య సుమియేగారే తీసుకొచ్చి నా ఆట మైదానంలో కూర్చోబెట్టింది. పదకొండేళ్ళ కిందటి మాట. అప్పట్నుంచీ ఈ చుట్టుపక్కల తుపాకి చెడితే అందరూ ఆయన బల్ల దగ్గరికే వస్తారు.

ఈ తుపాకుల కడుపులో ఒక గేర్ బాక్స్ ఉంటుంది. మోటారు కొసనున్న బుల్లి గేరు పెద్ద గేర్లను తిప్పుతుంది, అవి స్ప్రింగును లాగి వదుల్తాయి, ఆ గాలికి గుండు పోతుంది. మోటారు ఎంత ఎత్తులో ఉండాలో తేల్చేది పిడి అడుగునున్న చిన్న స్క్రూ. అది కాస్త ఎక్కువ బిగిస్తే గేర్లు ఒకదాన్నొకటి నొక్కుకుని అరుగుతాయి, వదులైతే జారతాయి. ఎంతన్నది తేల్చాల్సింది చెవే. ఆయన కళ్ళు మూసుకుని, ట్రిగ్గర్ నొక్కుతూ, స్క్రూని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ వినేవాడు. కుదిరాక రైలు షెడ్డు అలవాటు కొద్దీ స్క్రూకేసి వేలు చూపించి "సరే" అని పైకే అనేవాడు. పక్క కుర్చీలో టీ ఫ్లాస్కుతో కూర్చున్న సుమియేగారు గోళ్ళరంగు సీసా తీసి అక్కడ ఎర్రగా ఒక గీత పెట్టేది. ఏం తోచక పెడుతోందనుకునేదాన్ని.

ఫిబ్రవరిలో ఆవిడ పోయింది. నలభై తొమ్మిదో రోజు కర్మ అయిన మర్నాడే ఆయన బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఏప్రిల్ నుంచీ మొదలైంది దరిద్రం. ఆయన బాగుచేసినవి నెల తిరక్కుండా వెనక్కి రాసాగాయి. అన్నిట్లోనూ ఒకటే జబ్బు, మోటారు తగిలే మొదటి గేరు పళ్ళు రాలిపోవడం. నునోకావాది వరసగా మూడుసార్లు.

ఆయన చెయ్యని ప్రయత్నం లేదు. గట్టి ఉక్కు గేరు వేశాడు, అదీ పోయింది. గేర్ల పక్కన వేసే సన్నటి రేకుల్ని మళ్ళీ మళ్ళీ కొలిచాడు. మోటారు మార్చాడు. గేర్ బాక్స్ డొప్పే వంకరేమోనని కొత్త డొప్ప తెప్పించాడు. విప్పిన ప్రతిసారీ నల్లటి గ్రీజులో ఇనప రజను తేలేది. దాన్ని తెల్లకాగితం మీద పూసి, భూతద్దం పెట్టి, గంటలకొద్దీ అలా చూస్తూ ఉండిపోయేవాడు. అన్నం తినమంటే వినిపించుకునేవాడు కాదు. చివరికి చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. వయసు మీద పడింది, సన్నటి శబ్దాలు సగమే అందుతున్నాయన్నాడట డాక్టరు.

ఇవన్నీ తెలిసి కూడా ఆ ఆదివారం నా నోరు ఊరుకోలేదు. వరసలో వాళ్ళ నవ్వు నా చెవుల్లో మోగుతోంది. జనం వెళ్ళిపోయాక బల్ల దగ్గరికెళ్ళి, "కురామోచిగారూ, ఇదే ఆఖరు. వచ్చే ఆదివారం మళ్ళీ ఆగిందంటే బల్ల తీసేద్దాం" అన్నాను.

ఆయన లేచి నిలబడి తల వంచాడు. "అలాగేనమ్మా. నేనే చెబుదామనుకుంటున్నాను."

అరిచినా బాగుండేది. ఆ వారమంతా ఆ వంచిన తలే కళ్ళ ముందు మెదిలింది. ఆ బల్ల తీసేస్తే ఆయన మిగలడని నాకు తెలుసు. ఇంట్లో ఏముంది, భార్య ఫొటో ముందు అగరొత్తి తప్ప.

శనివారం పొద్దున ఆటగాళ్ళెవరూ లేరు. ఆయన కొత్త గేరు వేసిన నునోకావా తుపాకి పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"ఓనర్ గారూ, ఒక్క గంట కూర్చుంటారా? మీ చెవులతో వినిపెట్టండి. నావి నేను నమ్మలేకపోతున్నాను."

సుమియేగారి కుర్చీలో కూర్చున్నాను. ఆయన ట్రిగ్గర్ నొక్కాడు. కీచుగా అరిచింది.

"కీచుగా ఉందండీ."

కాస్త వదులు చేశాడు. "ఇప్పుడు?"

"గరగరమంటోంది."

అలా ఎన్నిసార్లో. చివరికి కుట్టు మిషను నడిచినంత నున్నగా పలికింది. ఇద్దరం ఒకేసారి తలెత్తాం. అంటే ఆయనకీ వినబడిందన్నమాట. "సరే" అని స్క్రూకేసి వేలు చూపించాడు. పది గుళ్ళు పేల్చి, వాటి వేగం చట్టం హద్దులో ఉందని చూసి, చీటీ రాశాడు. అంతా బాగుంది. మరి రేపు ఎందుకు విరుగుతుంది? ఆయన మొహంలో అదే ప్రశ్న.

తర్వాత సంచిలో పెట్టేముందు స్క్రూడ్రైవర్ తీసుకుని, పైనుంచి కిందికి ఒక్కో స్క్రూకీ చివరి బిగింపు ఇవ్వసాగాడు. చూపు ఎక్కడో కిటికీ బయట ఉంది. చేతులు వాటంతటవే పోతున్నాయి. పిడి దగ్గరికొచ్చాయి. అడుగున స్క్రూ. పావు తిప్పు.

"కురామోచిగారూ, ఆగండి. ఇప్పుడేం చేశారు?"

"ఏం చేశాను?"

"అడుగు స్క్రూ బిగించారు."

"లేదే. దాన్నెందుకు ముట్టుకుంటాను?"

తుపాకి లాక్కుని ట్రిగ్గర్ నొక్కాను. కీచుమని అరిచింది. ఆయన మొహం పాలిపోయింది. లోపల ఏం చెడిందో చూడాలంటే ముందు ఆ స్క్రూనే విప్పాలి. విప్పిన ప్రతిసారీ అసలు తప్పు ఆయన చేతిలోనే చెరిగిపోయింది.

"మరి పదకొండేళ్ళు ఎందుకు విరగలేదండీ?" అన్నాను.

నాకే తట్టి, అద్దెకిచ్చే తుపాకుల్లోంచి ఆయన నాలుగేళ్ళ కిందట బాగుచేసింది తెచ్చి బోర్లించాను. పిడి అడుగున, స్క్రూ మీంచి లోహం మీదికి, తిన్నగా ఎర్ర గీత.

ఆయన దాన్ని బొటనవేలితో తడిమాడు. "షెడ్డులో గీత ఉన్న బోల్టు ముట్టుకోకూడదు" అన్నాడు మెల్లగా. "గీత లేకపోతే ఎవరూ బిగించలేదని లెక్క. వదిలేస్తే జనం చచ్చిపోతారు. నలభై ఏళ్ళు అదే పని. ఈ చేతులకి అదొక్కటే తెలుసు."

మళ్ళీ స్క్రూ సర్దాడు. ఈసారి నన్ను అడగలేదు. తనే విన్నాడు, వేలు చూపించాడు, "సరే" అన్నాడు. ఆపైన కదలకుండా కూర్చున్నాడు. నేను బల్ల సొరుగు లాగాను. గోళ్ళరంగు సీసా అక్కడే ఉంది. మూత పట్టేసింది, పట్టకారుతో తిప్పాల్సి వచ్చింది. అడుగున మిగిలిన చిక్కటి రంగుతో గీత పెట్టాను. వంకరగా వచ్చింది.

"బాగా రాలేదు" అన్నాను.

ఆయన గీతకేసే చూస్తున్నాడు. కళ్ళనీళ్ళు ముక్కు మీంచి జారి బల్ల మీద పడుతున్నా తుడుచుకోలేదు.

"ఊరికే కూర్చుని ఏం చేస్తావు, ఇంటికి పో అని సుమియేని అనేవాణ్ణి" అన్నాడు. "రోజూ అనేవాణ్ణి."