చప్పుడు మానిన కారు

1943 మే, శుక్రవారం. ఉన్నవారు: నర్సు రత్నమ్మగారు, డ్రైవరు ఖాసిం, కాంపౌండరుగా నేను.

ఇవాళ మా వీధిలో సైలెన్సరు పగిలిన ఆటో ఒకటి పోయింది. ఆ మోతకు లేచి పాత డైరీ తీస్తే ఈ పుట దగ్గర చెయ్యి ఆగింది.

రత్నమ్మగారిది వేంపల్లె. వారానికొకసారి మిషన్ ఆసుపత్రి కారులో మైదుకూరు దగ్గరి పల్లెకు వెళ్ళి, రోడ్డు పక్కన వేపచెట్టు కింద మందులిచ్చేవారు. ఇంజనుకు పొగగొట్టం కలిసేచోట అతుకు వదిలి, కారు ఊరవతలికి వినబడేలా మోగేది. దిన్నె ఎక్కాలంటే ఆమే నేనూ దిగి నడవవలసిందే. పొగ లోపలికి కొట్టి ఆమెకు తలనొప్పి, ఒకసారి వాంతి కూడా అయింది.

"బలమంతా ఆ సందులోనే పోతాండాదమ్మా. ఈ పొగ శానా చెడ్డది, బాగు చేపిస్తా," అన్నాడు ఖాసిం.

"చేపియ్యప్పా. నేనే పడిపోతే సూదులు నువ్వేస్తావా?"

కడపలో అతుకు వేయించాడు. ఆ శుక్రవారం కారు దిన్నెను ఒక్క ఊపున, మెత్తగా ఎక్కింది. చెట్టు కింద మాత్రం ఒక్కరూ లేరు. హారన్ కొట్టాం. బస్సనుకున్నారేమో, ఎవరూ రాలేదు. ఊరు చల్లగా ఉందనుకుని నేను మందుల పెట్టె మూశాను. అంతలో పొలంలోంచి ఓబులేసు అనే రైతు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమమ్మా, దొంగల మాదిరి వస్తిరే! కారు మొత్తుకుంటే కదా మేము వచ్చేది! నా కోడలు బాలింత, ఒళ్ళు కాలిపోతాండాది. చప్పుడు కోసరం పొద్దున్నుంచి కాసుకోనుండాం!"

రత్నమ్మగారు పెట్టెను నా చేతిలోంచి లాక్కుని అతని వెంట నడిచారు. జ్వరం తగ్గేదాకా కదలనని ఆ ఇంట్లోనే ఉండిపోయారు.

"మళ్ళా ఆ సందు తెరిచేదా అమ్మా?" అన్నాడు ఖాసిం, దిగులుగానే.

"వద్దు. ఇంగ మనమే ఇండ్లకు పోదాం."

రానివాళ్ళకు మన అవసరం లేదనే నమ్మకం నాకు ఆ ప్రయాణం దాకా ఉండేది. తర్వాత చేసిన ఏ ఉద్యోగంలోనూ అలా అనుకోలేకపోయాను.

మరునాడు ఉదయం కోడలికి చెమట పట్టి జ్వరం దిగింది. రత్నమ్మగారు ముఖం కడుక్కుని పక్కింటి వైపు తిరిగారు. "ఆ ఇంటి నుంచి ఎన్నడూ ఎవరూ రాలేదండీ," అన్నాను. ఆమె ఆగలేదు. లోపల ఒక అవ్వ, చీముపట్టిన పాదాన్ని గుడ్డతో చుట్టుకుని కూర్చుని ఉంది.

"ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదవ్వా?" అని అడిగాను. ఆమె నా పెదవుల వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఆ యవ్వకు పుట్టుచెవుడప్పా," అన్నాడు వాకిట్లోంచి ఓబులేసు.

రత్నమ్మగారు నేలమీద కూర్చుని ఆ పాదాన్ని ఒడిలో పెట్టుకున్నారు.