బియ్యం గుమ్మి వెనక తెల్లగుడ్లు

మా చిన్నప్పుడు... ఉరుము ఉరిమితే నాయనమ్మ నా వైపు చూసేది. తెల్లారి పుట్టగొడుగులకు అడవికి పోదామని దానర్థం.

మా పక్క ఊరు పాల్మాకుల దాటాక ఉన్న రిజర్వు అడవి అది. కట్టె ముట్టుకుంటే ఊరుకోరు గానీ, వానాకాలం నాలుగు పుట్టగొడుగులు ఏరుకుంటే గార్డు చూసీ చూడనట్టు పోయేవాడు. నాయనమ్మ చూపించనిదే నేను దేన్నీ కోయకూడదు.

అప్పుడే మా దగ్గర్లో ఎయిర్‌పోర్టు కొత్తగా వచ్చింది. ఉరుముకే పుట్టగొడుగులు లేస్తాయని నాయనమ్మ నమ్మకం... రోజూ ఇన్ని విమానాలు ఉరుముతుంటే అడవి నిండిపోయి ఉంటుందని నా ఎనిమిదేళ్ల బుర్రకు తోచింది. ఒక మధ్యాహ్నం ఒక్కదాన్నే పోయాను. పొద కింద కోడిగుడ్లలా తెల్లగా, మెత్తగా ఐదు. ఇంకా విచ్చుకోని పుట్టగొడుగులు అనుకుని, తడిగుడ్డలో చుట్టి తెచ్చి బియ్యం నిలవ పోసుకునే గుమ్మి వెనక దాచాను. పొద్దున నాయనమ్మ చేత శభాష్ అనిపించుకోవాలని.

తెల్లారేసరికి ఇల్లంతా కుళ్లు కంపు. ఎలుక చచ్చిందేమోనని బాపు గుమ్మి జరిపాడు. గుడ్లు పగిలి జానెడు కాడలు లేచాయి... కొసన చీములాంటి నల్లటి జిగురు... దాని నిండా ఈగలు. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది. నేను అక్కడే కక్కాను.

ఇక నన్ను అడవికి పంపేది లేదన్నాడు బాపు. ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది.

నాయనమ్మ మాత్రం ఒక కాడను ఆకుతో పట్టుకుని నా ముక్కు దగ్గర పెట్టింది. "మంచిగ చూడు బిడ్డా. గిది గూడ పుట్టగొడుగే, అడవిదే. ఈగలను పిలుస్తందుకు గిట్ల కంపు కొడ్తది."

బాపుతో ఏం మాట్లాడిందో గానీ, మళ్లీ వాన పడగానే నన్ను తీసుకుపోయింది. మొద్దు మీద చెవుల్లా మొలిచేవి, తొక్కితే పొగ చిమ్మేవి, పొద్దెక్కేసరికి నల్లగా కారిపోయేవి... కూరకు పనికొచ్చేవి కొన్నే, కానీ ప్రతిదాన్నీ వాసన చూపించింది.

ఇప్పుడు నాయనమ్మ లేదు. మొన్న వానలకు ఒక్కదాన్నే వెళ్లాను. అడవి అంచునే అదే కంపు. నమ్ముతారో లేదో, సంతోషంతో పొదల్లోకి పరుగెత్తాను.

నల్ల కవర్లు. కోడిపేగులు, పిల్లల డైపర్లు, ఎవరి దావత్‌లోదో పాచిపోయిన బిర్యానీ... దాని నిండా ఈగలు. ఛీ, మనుషులమేనా మనం!

ముక్కు మూసుకుని ఆ కవర్ల చుట్టూ చాలాసేపు వెతికాను. ఒక్క గుడ్డూ కనబడలేదు.

మీ వైపు అడవుల్లో ఆ కంపు గుడ్లు ఇంకా లేస్తున్నాయా? ఉంటే ఒక్క మాట చెప్పండి... ఎంత దూరమైనా వచ్చి వాసన చూసి పోతాను.