నా బాలింత పథ్యం

పోయిన అనపకాయల కాలంలో, కాయలు అయిపోవచ్చేదాకా, బెంగళూరు మొత్తంలో అనపకాయ రుచి చూడకుండా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణేనేమో. చలి దిగగానే మా బళేపేట సందుల్లో బండ్ల మీద పచ్చటి కాయలు గుట్టలుగా పోస్తారు. ప్రతి ఇంట్లోనూ ఆడా మగా టీవీ ముందు కూర్చుని గింజలు ఒలుస్తారు. వాటిని నానబెట్టి, ఒక్కొక్కటే వేళ్ళ మధ్య పితికి తోలు తీస్తే పితికిపప్పు. ఆ కూర ఉడికే వాసన వస్తే చాలు, నేను రెండు ముద్దలు ఎక్కువ తింటాను. అలాంటి నన్ను, మీసాలున్న మగవాణ్ణి, మా అమ్మ బాలింత పథ్యంలో పెట్టింది. వెల్లుల్లి దంచిన తెల్లగడ్డ కారం, శొంఠిపొడి, మిరియాల చారు, మెంతులూ బెల్లమూ కలిపి చేసిన ఉండలు. అనపకాయ వాతం గనక దాని జోలికి పోకూడదు.

మీకు నవ్వొస్తే నవ్వండి. నాకు మాత్రం అప్పట్లో ఒళ్ళు మండింది.

మా పాప నెలలు నిండకుండా పుట్టింది. నా భార్యకు ఉన్నట్టుండి బీపీ పెరిగిపోయింది. ఇక ఆగితే ఇద్దరికీ ప్రమాదమని డాక్టర్లు ఆపరేషన్ చేసి పాపను బయటికి తీశారు. తల్లిని కింది అంతస్తులో పెట్టారు, పిల్లను పై అంతస్తులో పెట్టారు. నేను ఎక్కువగా మెట్ల మీదే ఉన్నాను. మొదటిసారి చూసినప్పుడు పాప ఒక అద్దాల పెట్టెలో వెల్లకిలా పడుకుని ఉంది. నా అరచేతికంటే కొంచెం పెద్దది, అంతే. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, నోట్లోంచి పొట్టలోకి పాలు పోసే ఇంకో సన్న గొట్టం. తోలు ఎంత పల్చగా ఉందంటే లోపలి నరాలు నీలంగా కనబడుతున్నాయి. నాకు సంతోషం రాలేదు. భయం వేసింది.

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. శ్వాసక్రియ పాఠం ఏటా చెప్పేదే. ఊపిరి తీసుకోవడం వేరు, శ్వాసక్రియ వేరు అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, కింద గీతలు కూడా కొడతాను. ఊపిరి గాలిని లోపలికి తెచ్చిపెడుతుంది, అంతవరకే దాని పని. అసలు వ్యవహారం కణాల్లో జరుగుతుంది. తిన్న అన్నం అరిగి, గ్లూకోజుగా మారి, నెత్తురులో కలిసి కణం దాకా వస్తుంది. అక్కడ ఆక్సిజన్ సాయంతో అంచెలంచెలుగా విడిపోయి, నీళ్ళూ కార్బన్ డయాక్సైడూ అయిపోతుంది. ఆ దారిలో శక్తి బయటపడుతుంది. కొంత శక్తితో ఒళ్ళు తన పనులు చేసుకుంటుంది, మిగతాది వేడిగా పోతుంది. వేడి సంగతి పిల్లలు ఒక పట్టాన నమ్మరు. అందుకని మొలకెత్తిన పెసలు ఫ్లాస్కులో పోసి, థర్మామీటరు దించి, మూతిని దూదితో బిగించి, మర్నాడు చూపిస్తాను. పెసలు నిజంగానే వెచ్చబడి ఉంటాయి. మా అమ్మకు ఈ ప్రయోగం అస్సలు గిట్టదు.

“తినే పెసలప్పా అవి. వాటికి జొరం చూస్తా కూర్చునే ఉద్యోగమా నీది?” అంటుంది.

ఆస్పత్రిలో రోజూ పొద్దున పాపను తూకం వేసేవాళ్ళు. ఆ తూకం కోసం నేను గాజు తలుపు బయట నిలబడేవాణ్ణి. మొదట్లో కొంచెం తగ్గడం మామూలేనన్నారు. కానీ తరవాత కూడా బరువు ముందుకు కదల్లేదు. పాలు అరుగుతున్నాయి, రోగమేమీ లేదు, అయినా పెరగడం లేదు. ఇదిలాగే సాగితే చిన్న జలుబు చేసినా తట్టుకోలేదని డాక్టరు మెల్లగా చెప్పారు. అక్కడి నర్సమ్మ హొసకోటె దగ్గరి పల్లెటూరావిడ, మా తెలుగే మాట్లాడుతుంది. బరువెందుకు పెరగడం లేదని అడిగితే ఆవిడ దాపరికం లేకుండా చెప్పింది.

“తాగిన పాలంతా ఒళ్ళు వెచ్చగా పెట్టుకొనేకి, ఊపిరి తీసుకొనేకే అయిపోతాండాది సార్. పెరిగేకి ఏమీ మిగల్తాండ్లేదు.”

నెలలు నిండిన పిల్లలకు భుజాల మధ్య, మెడ కింద వేడి పుట్టించేందుకే ఒక రకం కొవ్వు ఉంటుంది. అది కడుపులో చివరి వారాల్లో బాగా చేరుతుంది. మా పాప ఆ వారాలకు ముందే వచ్చేసింది. పాలు చప్పరించే కష్టానికి ఆ తాగిన పాలే చాలవని గొట్టంతో పోస్తున్నారు. ఏటా బోర్డు మీద రాసే సమీకరణం అదే, నాకు తెలియనిది అందులో ఏమీ లేదు. అయినా ఆ వరండాలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

“ఏడ్చింది సాలు, చొక్కా ఇప్పండి సార్,” అంది నర్సమ్మ.

ఆ పద్ధతికి పొట్ట సంచిలో పిల్లను మోసే ఆస్ట్రేలియా జంతువు పేరు పెట్టారు. పాపకు టోపీ, లంగోటా తప్ప ఏమీ లేకుండా, నిలువుగా మన ఎద మీద ఆనించి, పైన గుడ్డతో కడతారు. మనిషి ఒంటికి ఆనితే పిల్ల నిమ్మళంగా ఉంటుంది, ఊపిరి సమంగా తీసుకుంటుంది, వేడి కోసం తన పాలు తను ఖర్చు పెట్టుకోనక్కర్లేదు. తల్లి చేయాల్సిన పని అది. కానీ నా భార్య కుట్లతో, బీపీతో మంచం దిగే స్థితిలో లేదు. నా పక్కటెముకలు చూసి నర్సమ్మ, “పాపకు ఒత్తుకుంటాయేమో,” అని మూతి ముడిచింది. పాప నా మీద వాలింది. బరువే లేదు. చల్లటి చిన్న కాళ్ళు మాత్రం నా పొట్టకు తగిలాయి. ఆ కాళ్ళు వెచ్చబడేదాకా నేను కదలలేదు, దగ్గలేదు కూడా.

ఈ సంగతి తలుపు దగ్గర నర్సమ్మ మా అమ్మకు చెప్పేసింది. “మీ కొడుకు ఒంటి వేడే ఇప్పుడు పాపకు ఆధారం,” అని. అమ్మ నేరుగా ఇంటికెళ్ళింది. మర్నాటి నుంచి కోడలికి ఆస్పత్రివాళ్ళు ఒప్పుకున్న చప్పిడి కూడుతో పాటు నాకొక క్యారియరు వచ్చింది. తీస్తే తెల్లగడ్డ కారం, నెయ్యి పోసిన వేడన్నం.

“నేనా బాలింతను? బిడ్డను కన్నది నేనా?” అని వరండాలోనే గొంతు పెంచాను.

“కనింది ఎవురైతే ఏమి. ఎద మీద పెట్టుకొని ఉండేది నువ్వు కదప్పా. సుమ్మనె, మాట్లాడకుండా తిను.”

“అమ్మా, మనిషి ఒంటి వేడి ఎప్పుడూ ఒకటే ఉంటుంది. మిరియాలు తింటే పెరగదు.”

“తినకుండా యాడనుంచి వస్తాది వేడి? గోడల్లోనుంచి వస్తాదా?”

క్యారియరు ముందుకు లాక్కుని తిన్నాను. మొత్తం పాఠాన్ని నాకే అప్పజెప్పినట్టుంది. బెంచీ మీద పక్కన కూర్చున్న తండ్రులు ఇడ్లీ పొట్లాలు విప్పుకుంటూ నా క్యారియరు వైపు జాలిగా చూశారు. లోపలికెళితే నర్సమ్మ ముక్కు మూసుకుని, “ఈ వాసనకు పాప తుమ్ముతాది చూడండి,” అంది.

ఒక మధ్యాహ్నం పాప నా ఎద మీదే ఊపిరి తీసుకోవడం మర్చిపోయింది. నెలలు నిండని పిల్లలు అలా మర్చిపోతుంటారట. పాపకు తగిలించిన మిషను అరిచింది. నా ఎదకు ఆనిన ఆ చిన్న కదలిక ఆగిపోయింది. నర్సమ్మ పరుగున వచ్చి అరికాలు మీద వేలితో తట్టింది, మళ్ళీ తట్టింది. పాప ఒళ్ళు ఒకసారి జలదరించి ఊపిరి తీసుకుంది. అప్పటిదాకా నేనూ ఊపిరి తీసుకోలేదని తరవాత తెలిసింది. బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాను. క్యారియరు పక్కకు తోసేశాను. అమ్మ నా పక్కన కూర్చుని చాలాసేపు వీపు రాసింది.

“పిల్ల ఊపిరి తీసుకుంటాండాది కదా. నీ పని నువ్వు చెయ్యి. తిను,” అంది.

ఆ రోజు నుంచి మళ్ళీ వాదించలేదు. మెంతి ఉండలు కూడా వదలకుండా నమిలాను.

నా భార్య బాధ ఇంకోటి. తను బెళ్ళందూరులో ఆఫీసు పని చేస్తుంది, దేన్నైనా ఆ భాషలోనే చెబుతుంది. “నా ప్రాజెక్టు మధ్యలో నువ్వు టేకోవర్ చేసినట్టుంది. మోయాల్సినన్ని రోజులు మోయలేకపోయాను, కనీసం పట్టుకోవడానికైనా లేవలేకపోతున్నా,” అని నవ్వబోయి ఏడ్చింది. కుట్లు తగ్గి చక్రాల కుర్చీలో పైకి తెచ్చిన రోజు, పాపను నా మీంచి తీసి తన ఎద మీద పెట్టారు. పాప మొహం అటూ ఇటూ తిప్పి, బుగ్గ ఆనించి, నిద్రపోయింది. నా భార్య కళ్ళు మూసుకుంది. ఆ తరవాత ఇద్దరం వంతులు వేసుకున్నాం, పాప మాత్రం ఎవరో ఒకరి మీదే ఉండేది. నాకు కొంచెం ఈర్ష్య కూడా కలిగింది, చెప్పడానికేముంది.

మెల్లగా తూకం మాటలు మారాయి. “తగ్గలేదు సార్” అన్న రోజే నాకు పండగ. తరవాత “కొంచెం ఎక్కింది” అన్నారు. ఒకరోజు పాప గొట్టం లేకుండా తల్లి దగ్గర కాస్త తాగి, అలసిపోయి, చెమట పట్టి పడుకుంది. ఇంకొన్నాళ్ళకు అద్దాల పెట్టెలోంచి తీసి మామూలు ఊయలలో పెట్టారు. ఆ సాయంత్రం చలిలో స్కూటరు మీద వచ్చి, చేతులు కడుక్కుని, పాపను ఎద మీద పెట్టుకున్నాను. వెచ్చగా ఉంది. నా ఒళ్ళే చల్లగా ఉంది, వేడి అటునుంచి నాకు వస్తోంది. నర్సమ్మ థర్మామీటరు చూసి, “ఇంక తన వేడి తానే పుట్టించుకుంటాండాది. ఇంటికి తీసకపోవచ్చు,” అంది.

పాపను ఇంటికి తెచ్చిన రోజు మధ్యాహ్నం కంచం ముందు కూర్చుంటే అమ్మ మూత తీసింది. పితికిపప్పు కూర. బండ్ల మీద కాయలు అయిపోవస్తున్న రోజులవి. ఎక్కడ వెతికి తెచ్చిందో.

“నీ పథ్యం అయిపోయిందప్పా,” అంది.

కడుపునిండా తిన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి నా భార్య లోపల నిద్రపోతోంది. అమ్మ వాకిట్లో ఎండ పడేచోట గోడకు ఆనుకుని కూర్చుని, పాపను రవిక మీద ఆనించుకుని, చీర చెంగు కప్పింది. ఎవరూ నేర్పకుండానే సరిగ్గా నిలువుగా పెట్టుకుంది. నేను పక్కన కూర్చుని, నన్ను అంత సాధించావెందుకమ్మా అని నవ్వుతూ అడిగాను.

“నువ్వూ ఇంతే ఉంటివి,” అంది. “పెట్టెలు యాడుండె మాకు. ఆ చలికాలమంతా నిన్ను ఇట్లే పెట్టుకొని కూర్చుంటి.”

నేను చిన్నగా పుట్టానని తెలుసు. మిగతాది ఎప్పుడూ చెప్పలేదు.

“ఆకలయ్యేదిరా. యా పొద్దు చూసినా ఆకలే. బాలింత ఎక్కువ తినగూడదని మీ అవ్వ పూటకు ఇంతన్నం పెడుతుండె. ఇంకొంచెం పెట్టత్తా అని అడిగేకి సిగ్గు. కడుపులో ఏమీ లేకుంటే నా వేడి నీకు చాల్తాదో లేదో అని భయం. ఆ భయం ఇప్పటికీ పోలేదప్పా నాకు.”

పాప చెంగు కింద కదిలింది. అమ్మ చెయ్యి పాప వీపు మీదే ఉంది.

“నువ్వు తిన్నావా?” అన్నాను.

“తింటాలే. పాప లేచినాక.”

వంటింట్లోకి వెళ్ళాను. వేడన్నంలో పితికిపప్పు కూర, నెయ్యి వేసి కలుపుకొచ్చాను. ఆమె రెండు చేతులూ పాప మీద ఉన్నాయి కనక ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాను.

“నాకెందుకప్పా ఇప్పుడు...”

“పాప నీ మీద ఉండాది కదమ్మా. తిను.”

నోరు తెరిచింది. నెమ్మదిగా నములుతుంటే ఆమె ఎదతో పాటు పాప పైకీ కిందికీ కదిలింది. అన్నం అయిపోయింది. ఇంకొంచెం కావాలా అని నేను అడగలేదు. లోపలికెళ్ళి మళ్ళీ కలుపుకొచ్చి పెట్టాను.