గ్రంథుల మామయ్య

మా మేనమామ జీవితంలో ఒక్క మనిషి మీద కూడా నేరం మోపలేదు. ఎవరు ఏ తప్పు చేసినా ఆయన దగ్గర ముద్దాయి సిద్ధంగా ఉండేది: ఒంట్లోని ఏదో ఒక గ్రంథి.

ఆయనది చెప్పుల దుకాణం. పొట్లాలకని తూకానికి కొన్న పాత కాగితాల్లో వినాళ గ్రంథుల మీద అట్టలేని పాఠ్యపుస్తకం ఒకటి దొరికింది. ఆయుష్షు మొత్తం మీద మామయ్య చదివిన గ్రంథం అదొక్కటే, అదీ గ్రంథుల మీద. ఆ దెబ్బతో వీధి వీధంతటికీ 'గ్రంథుల మామయ్య' అయిపోయాడు.

ఓసారి ఒకావిడ తెగిన చెప్పులు బల్ల మీద విసిరికొట్టింది. "పట్టుమని పదిరోజులైనా మన్నలేదు! నాసిరకం అంటగట్టావు!"

మామయ్య నా చెవిలో అన్నాడు: "అడ్రినల్ రా! మూత్రపిండాల మీద టోపీల్లా రెండుంటాయి. కోపమొస్తే రక్తంలోకి హార్మోను చిమ్ముతాయి. ఇక గుండె దడదడ, పిడికిలి బిగుతు. పాపం, ఆవిడేం చేస్తుంది?" అని కొత్త జత ఇచ్చి పంపాడు.

అత్తయ్య మధ్యాహ్నం కాస్త నడుం వాలిస్తే, "థైరాయిడ్ మందగించింది" అనేవాడు.

"తెల్లారకుండానే లేపి పాఠం చదివి వినిపిస్తే మందగించక ఏం చేస్తుంది?" అనేది అత్తయ్య.

నేను అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ముప్పై నాలుగో ఏట నా ఎనిమిదో నంబరు బూట్లు బిగుతయ్యాయి. మామయ్య తొమ్మిది ఇచ్చాడు. ఏడాది తిరక్కుండానే అవీ కరవడం మొదలెట్టాయి. మళ్ళీ వెళ్ళాను. బడులు తెరిచే రోజులు, దుకాణం కిటకిటలాడుతోంది. మామయ్య నా పాదం రెండుసార్లు కొలిచి, నా మొహంకేసి చూశాడు.

"పదో నంబరు పడుతుందిరా! ఈ వయసులో పొట్ట పెరుగుతుంది గానీ పాదం పెరగదు. నీ ఉంగరమేదీ?"

"వేలికి బిగుసుకుపోతే కోయించి తీశాను."

"దవడ కూడా ముందుకొచ్చింది. ఇది పిట్యూటరీ పనిరా. మెదడు కింద బఠానీగింజంత ఉంటుంది. పెరుగుదల హార్మోను దానిదే. అది అతిగా ఊరితే..."

అసలే నాకు తలనొప్పి. "చిత్తుకాగితాలు చదివి వైద్యం చేస్తావా? చెప్పులమ్ముకునేవాడివి చెప్పులమ్ముకో!" అని అందరి ముందూ అరిచాను.

దుకాణంలో జనమంతా మావైపు తిరిగారు. మామయ్య మొహం చిన్నబోయింది. ఒక్క క్షణమే.

"అడ్రినల్" అన్నాడు జనంతో, నా తరఫున క్షమాపణ చెబుతున్నట్టు. "మీరంతా రేపు రండమ్మా!"

అంత బేరాల వేళ షట్టరు దించేసి, నాకు పదో నంబరు బూట్లు తొడిగి, రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళాడు.

రక్తపరీక్షా, తలకి స్కానింగూ అయ్యాక డాక్టరమ్మ చెప్పింది: "పిట్యూటరీలో చిన్న గడ్డ ఉంది. ఇంకా పెరిగితే కంటినరాన్ని నొక్కేసేది. మొదట ఎవరు కనిపెట్టారు?"

"చెప్పుల దుకాణంలో అండీ" అన్నాను.

ముక్కులోంచి పరికరాలు పోనిచ్చి గడ్డ తీసేశారు. ఇవాళ ఈ నాలుగు ముక్కలూ నా కళ్ళతో నేను చూసుకుంటూ రాస్తున్నానంటే, అది మామయ్య పెట్టిన భిక్ష.

తేరుకున్నాక సిగ్గు మొదలైంది. ఆ రోజు అరిచింది కూడా హార్మోను వల్లేనేమో అని డాక్టరమ్మని ఆశగా అడిగాను. "అన్నీ దానిమీదకే తోసెయ్యకండి" అని నవ్వేసింది.

సాయంత్రం మామయ్య వచ్చాడు. "నిన్ను ఆ మాట అన్నది నేనే మామయ్యా. గ్రంథి కాదట" అన్నాను.

మామయ్య అటూ ఇటూ చూసి, మంచం మీదకి వంగాడు. "ఆ సంగతి నాకు తెలీదనుకున్నావట్రా?"

"మరి ఇన్నేళ్ళూ..."

"మనిషిని తప్పుపట్టామనుకో, మళ్ళీ మన గడప తొక్కడు. గ్రంథినైతే ఎంత తిట్టినా దానికి రోషం రాదు. మనిషి మనకి మిగులుతాడు." గొంతు ఇంకా తగ్గించాడు. "ఇది మీ అత్తయ్యకి మాత్రం చెప్పకు."

"పెళ్ళైన ఏడాదే తెలుసు" అంది అత్తయ్య, ఫ్లాస్కుతో గుమ్మంలో నిలబడి. "మీరు ముచ్చటపడుతున్నారు కదా అని ఊరుకున్నాను."

మామయ్య నోరు తెరిచాడు. ఎంతకీ ఒక్క గ్రంథి పేరూ గుర్తురాలేదు.