సంతలూరు రూటు

మా ఆయన శంకరరావుకి అమెరికాలో ఒకే ఒక్క ఊరు తెలుసు. అది తెలిసినంతగా బిలాస్‌పూర్‌లో మేముంటున్న దయాల్‌బంద్ పేట కూడా ఆయనకు తెలీదు. పెరుగు ప్యాకెట్ తెమ్మంటే ఇప్పటికీ రెండు సందులు ఎక్కువ తిరిగి వస్తారు. కాలిఫోర్నియాలో సముద్రం ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరి పేరు కాగితాల మీద శాంటా లూరా. మా అత్త అప్పయమ్మ బతికున్న రోజుల్లో దాన్ని సంతలూరు చేసేసింది. కూతురు ఏదో సంతకి వెళ్లి ఆలస్యం చేస్తున్నట్టు, సంతలూరు నుంచి తనూజ ఫోన్ చేసిందా అని రోజూ అడిగేది.

తనూజ మా ఆయనకు అప్ప, అంటే అక్క. మా శ్రీకాకుళం వైపు మాట అది. తాతల నాడే రైల్వే పనికి ఇక్కడికొచ్చి పడ్డా ఆ మాట మాత్రం మమ్మల్ని వదల్లేదు. పద్నాలుగేళ్ల కిందట మా వదిన తన భర్త పోలయ్యతో కలిసి అక్కడి మోటెల్‌లో పనికి వెళ్లింది. మోటెల్ అంటే టూరిస్టులు కార్లేసుకుని వచ్చి దిగే లాడ్జీ. పోలయ్య అన్నయ్యగారు అక్కడే పోయారు. పిల్లల్లేరు. వదిన ఆ గదులు ఊడుస్తూ, దుప్పట్లు మారుస్తూ అక్కడే ఉండిపోయింది. మొన్న మార్చిలో ఫోన్ చేసి, కడుపులో గడ్డ ముదిరిపోయిందని, డాక్టర్లు ఐదారు నెలలన్నారని, ఈ ఒంటితో విమానం ఎక్కనివ్వరని చెప్పింది. తమ్ముణ్ణి ఒక్కసారి చూడాలనుందంది. పద్నాలుగేళ్లలో ఆవిడ మమ్మల్ని అడిగింది అదొక్కటే.

మా ఆయన ముప్పై ఒక్క ఏళ్లు రైలింజన్ నడిపి రిటైరయ్యారు. డ్రైవర్‌కి కొత్త రూటు ఇచ్చేముందు ఆ రూటు నేర్చుకోమంటారు. ఏ స్టేషన్ తరవాత ఏది, ఏ మలుపులో సిగ్నల్ ఆలస్యంగా కనబడుతుంది, ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, అన్నీ వచ్చాయని సంతకం పెట్టాకే బండి చేతికిస్తారు. దాన్ని రోడ్ లెర్నింగ్ అంటారు. చేరిన కొత్తలో ఆయన ఆ పాఠం అప్పజెప్పింది రైల్వే క్వార్టర్ వంటింట్లో, అట్లు పోస్తున్న వాళ్ల అప్పకి. ఆవిడ పెనం మీంచి తల తిప్పకుండా "తరవాత ఏటి?" అని అడిగేదట. తప్పు చెబితే అట్టు లేదు. బిలాస్‌పూర్ తరవాత గతోరా, జైరామ్‌నగర్, కోట్మీసోనార్, అకల్తరా అంటూ ఏనాడూ ఇంజన్ ఎక్కని మనిషికి రాయగఢ్ దాకా రూటంతా నోటికి వచ్చేసింది.

వీసా కోసం సదర్ బజార్‌లో శివాజీ అనే ఏజెంటు దగ్గరికి ఆయన్ను లాక్కెళ్లింది నేనే. ఇందులో దాపరికం లేదు. చావుబతుకుల్లో ఉన్న మనిషి కోసం అంటే అక్కడే ఉండిపోతారని అనుమానిస్తారు, ఊరు చూడ్డానికి వెళ్తున్నానని చెప్పండి అన్నాడు శివాజీ. ఫారంలో అక్కడ బంధువులెవరూ లేరని రాసేశాడు. మా ఆయన నసిగారు. ఆయన నోరు మూయించింది కూడా నేనే.

ఊరు చూడ్డానికైతే ఆ ఊళ్లో ఏముందో తెలియాలి. దానికి కావలసిన సరుకు మా ఇంట్లోనే ఉంది. వదిన ఏడాదికోసారి తెలిసినవాళ్ల చేత నొప్పుల మందూ సబ్బులూ పంపేది. వాటికి చుట్టినవన్నీ టూరిస్టుల కోసం అచ్చేసిన రంగు కాగితాలే. లైట్‌హౌస్, రాళ్ల మీద ఎండకు పడుకున్న సీల్ జంతువులు, చలికాలం వేలకొద్దీ సీతాకోకచిలుకలు వేలాడే నీలగిరి తోపు, తిమింగలాలను చూపించే పడవ. ఒక దుకాణంలో గుండ్రటి రొట్టెను లోపల దొలిచి అందులో చేపల సూప్ పోసి ఇస్తారట. గిన్నెతో సహా తినెయ్యడమే. ఆ బొమ్మలు చూసి వదిన మీద కుళ్లుకునేదాన్ని, నిజం చెబుతున్నాను. నేనిక్కడ గోల్ బజార్‌లో పుచ్చు వంకాయలు ఏరి పారేస్తుంటే ఆవిడ అక్కడ తిమింగలాలు చూస్తోందనుకునేదాన్ని.

మా ఆయన ఆ ఊరిని రూటులాగే పట్టారు. మోటెల్ గేటు జీరో కిలోమీటరు. అక్కణ్ణుంచి లైట్‌హౌస్ దాకా ఎత్తు, జాగ్రత్త. సముద్రంలోకి కట్టిన చెక్క వంతెన డెడ్ ఎండ్. రొట్టె సూప్ దగ్గర పన్నెండు నిమిషాల హాల్టు. నేను పొయ్యి ముందు నిలబడి తరవాత ఏటి, తరవాత ఏటి అని పీక్కుతినేదాన్ని. రోజూ పాఠం అయ్యాక, అప్ప మాట మాత్రం నోట్లోంచి రాకూడదని హెచ్చరించేదాన్ని. ఆయన బుద్ధిగా తల ఊపేవారు. అన్నం సయించక మనిషి సగమైపోయారు. వదిన గొంతు వారం వారానికీ సన్నబడుతోంది. తేదీ వచ్చిందా అని మొదట్లో అడిగేది, తరవాత అదీ మానేసింది.

జూన్‌లో ముంబైలో ఇంటర్వ్యూ. నన్ను లోపలికి రానివ్వలేదు. లోపల జరిగింది ఆయన చెప్పగా విన్నదే.

కిటికీ అవతల కూర్చున్న వీసా ఆఫీసరమ్మ హిందీలోనే మాట్లాడిందట. అంత పెద్ద దేశంలో ఆ చిన్న ఊరే ఎందుకని అడిగింది. మా ఆయన గేటు దగ్గర మొదలుపెట్టి పడవ దాకా ఒక్కటీ వదలకుండా చెప్పారు. మీరు చెబుతుంటే నాకే వెళ్లాలనిపిస్తోంది అని ఆవిడ నవ్వింది. గండం గడిచిందనుకున్నారు ఈయన. అప్పుడు ఆవిడ ఊరికే, మాటవరసకి, వీటన్నిటిలోకీ మీకు ఏది చూడాలని ఎక్కువగా ఉందని అడిగింది.

ఆ ప్రశ్న నేను నేర్పలేదు. రెండు నెలలు ఆయన ప్రాణం తోడేశాను కానీ, మీకేది చూడాలనుందని ఒక్కపూట అడిగిన పాపాన పోలేదు.

"అప్పని," అన్నారు మా ఆయన.

ఆవిడకు తెలుగు రాదు. అప్పా, అది బీచ్ పేరా అని అడిగింది. చూడండి, దేవుడే తలుపు తీసి రమ్మన్నాడు. అవునమ్మా, చాలా బాగుంటుందట అనేస్తే సరిపోయేది. ఈ మహానుభావుడు అనలేదు. బీచ్ కాదమ్మా, నన్ను పెంచిన అక్క, ఎన్నాళ్లో బతకదు అని ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఫారంలో బంధువులు లేరని రాసిన చోటు వేలితో చూపించింది. వీసా ఇవ్వలేమని పాస్‌పోర్టు వెనక్కి తోసేసింది.

ఫుట్‌పాత్ మీద నిలబెట్టి ఆయన్ను నేను తిట్టిన తిట్లు తలుచుకుంటే ఇప్పుడు నా నోరు నేనే కాల్చుకోవాలనిపిస్తుంది. చేతకానివాడన్నాను. ఒక్క అబద్ధం ఆడలేకపోయారా అన్నాను. జనం ఆగి చూశారు. ఆయన పాస్‌పోర్టు చొక్కా జేబులో పెట్టుకుని, "అప్పని పట్టుకుని బీచని ఎలాగంటానే?" అన్నారు.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున, అంటే వదినకు సాయంత్రం, ఫోన్ కలిపారు. స్పీకర్ పెట్టి నా చేతికిచ్చేశారు. నేనే చెప్పాను. వీసా రాదని, ఇక ఆయన రాలేరని చెప్పాను. ఏడుపు ఆపుకోలేక బీచ్ సంగతీ చెప్పాను. స్పీకర్‌లో ఆవిడ ఎగశ్వాస వినబడుతోంది.

"బీచే అనేయకపోయావేట్రా," అంది తమ్ముడితో. "నాను మాత్రం ఏటి సూసినాను? ఊరికి జనం వస్తే నాకు గదుల పని. పద్నాలుగేళ్లలో ఒక్కటీ సూడనేదు. ఆ కాయితాలు గదుల్లో వాళ్లు పారేసినవే."

నాకు తల కొట్టేసినట్టయింది. ఎన్నేళ్లు కుళ్లుకున్నాను ఆవిడ మీద!

"ఎలాగూ బట్టీ పట్టినావు కదా, సెప్పు. కళ్లు మూసుకుని ఇంటాను," అంది.

మా ఆయన గొంతు సవరించుకుని గేటు దగ్గర మొదలుపెట్టారు. లైట్‌హౌస్ అన్నారు. తరవాత ఏటి అంది ఆవిడ. సీల్ జంతువులన్నారు, నీలగిరి తోపన్నారు, రొట్టె సూప్ దగ్గర కాసేపు ఆగారు. ఉప్పు సరిపోయిందా అని అడిగింది ఆవిడ. ఆ మాటకి ఇద్దరూ కాస్త నవ్వారు కూడా. తిమింగలాల పడవా అయిపోయింది.

"తరవాత ఏటిరా?"

ఆ రూటు అక్కడితో ఆఖరు. మా ఆయన నా మొహంలోకి చూశారు.

"రాయగఢ్, అప్పా," అన్నారు.

అటువైపు మంచం కిర్రుమంది. ఇంటివైపు వెనక్కి వస్తూ ఖర్సియా అన్నారు, సక్తి అన్నారు. చాంపా ఆవిడే అందించింది. అకల్తరా, కోట్మీసోనార్, జైరామ్‌నగర్. ఒక్కొక్క పేరుకీ ఆవిడ గొంతు దిగిపోతోంది. గతోరా అన్నారు. ఆ తరవాతి స్టేషన్ మా ఊరే. ముప్పై ఒక్క ఏళ్లు బండి తెచ్చి ఆపిన ఊరి పేరు ఆయన నోట పెగల్లేదు.

"తరవాత ఏటిరా?" అంది వదిన. మళ్లీ అంది. పిల్లాడు పాఠం మరిచిపోయాడనుకుంది కాబోలు.

ఫోన్ నేను అందుకున్నాను.

"బిలాస్‌పూర్, వదినా," అన్నాను. "దిగు."