ఆయన పేరు పలికిన రోజు

మొన్న యీషున్‌లో మా అమ్మాయి ఫ్లాట్‌లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంటే, ఇటాలియన్ నేర్చుకుంటున్న మా మనవరాలు ఫోను పక్కన పడేసి, "అమ్మమ్మా, దిస్ వన్ సో హార్డ్ లా! హస్బెండ్‌కి ఒకటి, వైఫ్‌కి ఇంకోటి, నో లింక్ ఎట్ ఆల్" అని మూతి ముడుచుకుంది. నేను తలెత్తకుండానే భర్త–భార్యకు మరీతో–మోల్యే, అన్న–చెల్లికి ఫ్రతెల్లో–సొరెల్ల, అల్లుడు–కోడలికి జెనెరో–నువోర అని గడగడా అప్పజెప్పేసరికి పిల్ల నోరు వెళ్ళబెట్టింది.

మీలో చాలామందిలాగే నేనూ పెళ్ళయిన కొత్తల్లో కాకినాడ నుంచి ఆయన వెంట ఈ సింగపూరుకి వచ్చినదాన్నే. ఆయనకు జురాంగ్ ఐలాండ్‌లో ఉద్యోగం. కంపెనీవాళ్ళు ఆయన్ని రెండేళ్ళు ఇటలీ పంపుతామనీ, భార్య కూడా వెళ్ళాలంటే అక్కడి భాషలో చిన్న పరీక్ష నెగ్గాలనీ అన్నారు. కొత్త కాపురం, రెండేళ్ళ ఎడబాటు అనేసరికి నా ప్రాణం విలవిల్లాడింది. ఇక చూడండి, నేను చపాతీలు ఒత్తుతుంటే ఆయన మగమాట అందించడం, నేను ఆడమాట అందుకోవడం! మాట చివర ఓ తీసి ఆ పెడితే చాలాచోట్ల సరిపోయే ఆ భాష, ఇంట్లో మనుషుల దగ్గరకొచ్చేసరికి మొండికేసేది. మనకు మాత్రం అల్లుడూ కోడలూ ఒకే మూసలో పోసినవా అని ఆయన నవ్వించేవారు.

పరీక్షనాడు ఇటలీ ఆవిడ ఏది అడిగినా తడుముకోలేదు. చివర్న, మీ ఆయన పేరేమిటి అంది. అయ్యో రామా! మొగుడి పేరు నోట పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా నాయనమ్మ నూరిపోయగా పెరిగినదాన్ని, ఏమండీ తప్ప ఎరగను. నేను చెమటలు కక్కుతూ మరీతో, మరీతో అని నసుగుతుంటే, ఇంతసేపూ మెచ్చుకున్న ఆవిడ ఇదంతా వట్టి బట్టీయమన్నట్టు తల అడ్డంగా ఊపింది. చెబితే ఆయనకేమవుతుందో, చెప్పకపోతే రెండేళ్ళు ఒంటరిదాన్ని. నాయనమ్మకు మనసులోనే దండం పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, పేరు అనేశాను. తలుపు అవతల నిలుచున్న ఆయన విననే విన్నారు. నేను బయటికొస్తే పరీక్ష సంగతి అడగడం మాని, చెవులదాకా ఎర్రబడి, "ఇంకొక్కసారి అనవూ" అన్నారు. ఛీ, పొండి అన్నాను.

ఇద్దరం కలిసే వెళ్ళాం, కలిసే వచ్చాం, ఆయన నిక్షేపంగా ఉన్నారు. మా అమ్మాయి అయితే అల్లుణ్ణి మొదటినుంచీ పేరు పెట్టే పిలుస్తుంది. ఈమధ్య మా ఆయనకు వినికిడి తగ్గి ఏమండీ అంటే పలకడం లేదని, నేనూ పేరు పెట్టే కేకేస్తున్నాను. వెంటనే తిరిగి, ఏం కావాలి అంటారు. అంత మామూలైపోయింది ఆ మాట. నాయనమ్మ పెట్టిన భయం పోయినందుకు సంతోషమే గానీ, దాంతోపాటే ఆ సిగ్గు కూడా పోయిందే అని నాకు దిగులు.